చారు, చుట్టాలు, హైపో

మొదటే చెబుతున్నాను, నేను ఏది చెప్పినా సగానికి కోసి నమ్మాలి. ఇవాళ కరీంనగర్‌లో పన్ను పీకించుకోవడానికి వెళ్తే ఆస్పత్రి వరండాలో హైపో వాసన గుప్పుమంది. నేలను శుద్ధి చేసే ఆ క్లోరిన్ మందు ఘాటుకు నా ముక్కులో వెంట్రుకలన్నీ లేచి నిలబడి నమస్కారం పెట్టాయి. సుగుణ మేడం గుర్తొచ్చింది.

ఆమె మా నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్. గొంతెత్తితే మానేరు డ్యామ్‌లో చేపలు కూడా వరుసలో నిలబడేవి. నేను అక్కడ కొత్తగా చేరిన కెమిస్ట్రీ సారును. బోర్డు నిండా నేను ఇంగ్లిషు సూత్రాలు రాస్తే పిల్లలు వాటిని అచ్చుగుద్దినట్టు దించుకుని, అంతే శ్రద్ధగా మరిచిపోయేవారు. ఎక్కువమంది తెలుగు మీడియం వాళ్లు. అర్థం కాలేదని ఒక్కరూ అడగలేదు, అడిగితే నవ్వుతారని భయం. ఆ బోర్డు మీదున్నదానికీ వార్డులో తాము చేసే పనికీ చుట్టరికం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

హుస్నాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన లావణ్య అందరికంటే చురుకు. వార్డులో ముసలివాళ్లు ఆమె చేత్తో ఇస్తేనే మందు మింగేవారు. కెమిస్ట్రీలో మాత్రం మళ్లీ తప్పింది. ఒకరోజు వాళ్ల బాపు వచ్చి, ఇనుప పెట్టెతో సహా ఆమెను ఆఫీసు గుమ్మంలో నిలబెట్టాడు. రాని చదువు రుద్ది ఏం లాభం, ఇంటికి తీసుకుపోతానన్నాడు. నేనూ తలూపాను.

మేడం మా ఇద్దరినీ చూడనైనా లేదు. ఐదు శాతం హైపోను ఒక శాతం ఎట్లా చేస్తావని లావణ్యను అడిగింది. ఆ పిల్ల సూత్రం సగం అప్పజెప్పి ఆగిపోయింది.

"సూత్రం ఇడిసిపెట్టు బిడ్డా. నువ్వు చారు కాగబెట్టినవ్. ఇంకింతమంది చుట్టాలు దిగిండ్రు. ఏం జేస్తవ్?"

"నీళ్లు పోస్త మేడం."

"ఉప్పో?"

"గంతనే ఉంటది. చారు సప్పగైతది." లావణ్య కళ్లు పెద్దవయ్యాయి. "అంటే ఐదు శాతం ఒకటి గావాలంటే ఐదింతలు జెయ్యాలె, ఒక గ్లాసు హైపోకు నాలుగు గ్లాసుల నీళ్లు పొయ్యాలె. మందు గంతనే, నీళ్లే పెరుగుతయ్."

వాళ్ల బాపు నా వైపు తిరిగాడు. "గింతేనా సారూ? గీ దానికే నా బిడ్డను గింత పరేషాన్ జేస్తిరా?"

మేడం నవ్విన నవ్వుకు గోడ గడియారం కూడా కాసేపు ఆగి విన్నది.

అప్పటి నుంచి నేను ఏ పాఠాన్నీ సూత్రంతో మొదలుపెట్టలేదు. ముందు పిల్లలను వంటింటికో పొలానికో వార్డుకో తీసుకుపోతాను, సూత్రాన్ని చివర్లో పిలుస్తాను. తలూపితే నమ్మను, కలిపి చూపించమంటాను. లావణ్య ఇప్పుడు ఆదిలాబాద్‌లో హెడ్ నర్సు. ఆమె కింద పనిచేసే పిల్లలు చారు కథను నాకే కొత్తగా చెబుతున్నారు.

ఇందులో నేను కల్పించింది మేడం నవ్వు ఒక్కటే. ఆమె నవ్వలేదు. "పెట్టె లోపల పెట్టు బిడ్డా, డ్యూటీకి ఆలస్యమైతుంది" అన్నది.