జవాబు గంట కొట్టే మనిషి

సాల్మనన్న పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనే చదువుకున్నాను. ఆ ఉదయం పాలు తీసుకుని చర్చి ముందు నుంచి వస్తుంటే, గేటు పక్కన నల్లబల్ల మీద సుద్దతో రాసిన అక్షరాలు కనిపించాయి. అలవాటు కొద్దీ కూడబలుక్కుంటూ చదివాను. సకు దీర్ఘం. లకు మ వత్తు. అక్కడే నా కాళ్లు ఆగిపోయాయి. ఆ వత్తు నాకు నేర్పింది ఆయనే. ముందు సాయంత్రం దవాఖాన నుంచి ఆయన భార్య రూతు వదినె ఫోన్ చేసి, "జర నయమే లచ్చమ్మా, గంజి తాగిండు" అన్నది. ఆ మాట పట్టుకునే నిద్రపోయాను. నా అంతట నేను చదివిన మొదటి చావు కబురు నా గురువుదే అవుతుందని అనుకోలేదు.

గోదావరిఖనిలో పాత బొగ్గు బాయి ఎరిగిన వాళ్లందరికీ ఆయన తెలుసు. మనుషులను బాయిలోకి దించి, పైకి తీసే పెద్ద ఇంజను నడిపినవాడు. తాడుకు కట్టిన ఒక ఇనుప బోను దిగుతుంటే రెండోది పైకి వచ్చేది. అందులో ఉన్నవాళ్లు ఆయన కంటికి కనిపించరు. గంటే ఆధారం. బాయి నోటి దగ్గర కొమురయ్యన్న నిలబడి గంట కొట్టేవాడు. మనుషులు ఎక్కితే మూడు గంటలు. సాల్మనన్న తన గదిలోంచి తిరిగి మూడు కొట్టాకే తాడు కదిలేది. విన్నాను, ఎక్కింది మనుషులని తెలుసుకున్నాను అని దాని అర్థం. నా భర్త బతికినన్నాళ్లూ ఆ జవాబు గంట వినే దిగాడు, అది వినే పైకి వచ్చాడు.

బాయి మూతపడింది. ఆయన రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, మా ఇంటి పక్కనే కట్టుకున్న రెండు గదుల ఇంట్లోకి వచ్చాడు. ఊరికే కూర్చుంటే చేతులు నిలవడం లేదని ఫోనులో ఫ్యూచర్స్ బేరం మొదలుపెట్టాడు. రాబోయే ధర మీద ముందే చేసుకునే బేరమది. ఆయన మాత్రం కొన్నదాన్ని కొద్ది నిమిషాల్లోనే అమ్మేసేవాడు. తెర మీద ఎడమ వైపు కొంటామనేవాళ్ల లెక్క ఉంటుంది, కుడి వైపు అమ్ముతామనేవాళ్ల లెక్క. ఎడమ బరువెక్కితే ధర లేస్తుంది, కుడి బరువెక్కితే దిగుతుంది. "రెండు బోన్లే గదా చెల్లె. ఎటు బరువున్నదో నా చెయ్యికి తెలుస్తది" అనేవాడు.

చెయ్యికి తెలిసినా కంటికి ఆనేది కాదు. షుగరు ఆయన చూపును పలచన చేసింది. అందుకని నన్ను కూర్చోబెట్టి తెర మీది అంకెలు నేర్పాడు. నేను పైకి చదివితే, విన్నది మళ్లీ తన నోట అని, అప్పుడు మీట నొక్కేవాడు. అంకెలు వచ్చాక అక్షరాలు ఆగవన్నాడు. పొద్దున ఆ బేరాల బజారు తెరిచేదాకా నా చేత పాత పేపర్లు చదివించేవాడు. నేను విసుక్కుంటే, "యాభై ఏండ్లు ఆగినవు. ఇంకొక్క వత్తుకు తొందరేందే?" అని నవ్వేవాడు.

రూతు వదినెకు ఈ పని మొదటి నుంచీ గిట్టలేదు. కొన్నది అమ్మి బేరం తెంపకుండా రాత్రికి వదిలేస్తే, తెల్లారేసరికి ధర కూలిపోయి ఇల్లు అమ్మినా తీరని నష్టం రావచ్చని ఎవరో చెప్పారు. ఒకనాడు ఆమె గడపలో అడ్డంగా కూర్చుంది.

"మనకున్నది ఈ ఇల్లొక్కటే. ఒక్క పొద్దన్న బేరం తెంపకుండ ఒదిలినవనుకో, నీ ఫోను తీస్కపోయి గోదాట్లేస్త."

"షిఫ్టు దిగంగ బాయిల మనిషిని ఇడిసిపెట్టి ఇంటికొచ్చిన్నా నేను ఎన్నడన్న?"

"బాయి ముచ్చట నాకొద్దు. మాటియ్యి."

ఇచ్చాడు. కింద ఎవ్వరినీ ఉంచనని ఆయన ఆమెకు ఇచ్చిన మాట.

ఆయన ధనవంతుడు కాలేదు. మొదట్లో బాగా పోగొట్టుకున్నాడు కూడా. ఎడమ వైపు పెద్ద అంకె కనిపించగానే కొనేవాడు. కొన్న మరుక్షణం ఆ అంకె మాయమయ్యేది, ధర జారేది. కొనే ఉద్దేశం లేకుండానే ఆశ చూపి వెనక్కి తీసుకునేవాళ్లు ఉంటారని ఆయనకు తట్టలేదు. బాయిలో దొంగ గంట ఉండదు. దొంగ గంట కొడితే మనిషి చస్తాడు. అంత బలంగా గంటను నమ్మిన మనిషి గనుకే అంత సులువుగా మోసపోయాడు. నష్టం కన్నా అదే ఆయన్ని ఎక్కువ అలసిపోయేలా చేసింది. "గంట కొట్టి ఉరికిండు చెల్లె. గట్ల ఎట్ల కొట్టబుద్ధయితదో మనిషికి" అని ఫోను బోర్లించాడు. ఆ తర్వాత ప్రతిసారీ నన్ను ఒకటే అడిగేవాడు: "కొంటున్నరా, కొంటమంటున్నరా?"

ఆ రోజుల్లోనే కొమురయ్యన్నతో మాట పోయింది. చాయ్ హోటల్ ముందు అందరూ వింటుండగా కొమురయ్యన్న అన్నాడు: "బాయిల నా గంట నమ్మినవు. గిప్పుడు మొఖం లేనోళ్ల గంట నమ్ముతున్నవా? జూదగానివైతివి గదరా సాల్మనూ! రూతవ్వను రోడ్డు మీద పడేస్తవు." సాల్మనన్న చాయ్ సగం వదిలేసి వచ్చేశాడు. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు.

దవాఖానకు తీసుకుపోయిన రోజు బజారు ఇంకా తెరిచే ఉంది. ఒక బేరం కొని, ఇంకా అమ్మకుండా ఉన్నాడు. ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని మంచం మీద ఒరిగాడు. వదినె ఆటో కోసం వీధిలోకి ఉరికింది. నేను నీళ్లు పట్టబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"కింద ఒకటున్నది చెల్లె. సదువు."

చదివాను. ధర మేము కొన్నదాని కన్నా కొద్దిగా దిగి ఉంది. "ఎడమ దిక్కు బరువు బగ్గ పెరిగిందన్నా. లేస్తదేమో, జర ఆగుదామా?"

"కొంటున్నరా, కొంటమంటున్నరా?"

ఎడమ అంకె కొండలా నిలబడి ఉంది. కానీ కుడి వైపు అమ్మేవాళ్ల దగ్గర ఎవరూ కొనడం లేదు. "అంటున్నరే గని కొంటలేరు."

"అయితే పైకి తియ్యి."

చదవడమే నా పని, మీట ఎన్నడూ నొక్కలేదు. అప్పుడు ఆయన తన ఉంగరంతో మంచం ఇనుప పట్టీ మీద కొట్టాడు. మెల్లగా, మూడు. నేను అమ్మే ఎర్ర మీట నొక్కాను.

"అచ్చిందా?"

"అచ్చిందన్నా."

"కిందెవ్వలు లేరు గదా?"

"ఎవ్వలు లేరు."

కళ్లు మూసుకున్నాడు. ఆటో వచ్చేలోపే ఎడమ వైపు కొండ మాయమైంది. ధర ఎంత లోతుకు జారిందో నేను చూశాను. ఆయనకు చెప్పలేదు. చెప్పినా వినే ఓపిక ఆయనకు లేదు.

సమాధి తోటలో కొమురయ్యన్న కర్ర ఊతంతో చివరన నిలబడ్డాడు. నా దగ్గరికి వచ్చి, "ఇల్లున్నదా, పోయిందా?" అని అడిగాడు. ఆయన్నే కాదు, ఈ ఊళ్లో మీలో చాలామందిని తొలిచిన ప్రశ్న అది. అందుకే ఇది రాస్తున్నాను. ఇల్లు ఉంది. ఆయన మాట కూడా ఉంది. మంచం పట్టీ మీద మూడు దెబ్బల సంగతి చెప్పినప్పుడు కొమురయ్యన్న తల వంచుకుని విన్నాడు.

పెట్టెను దించడానికి తాళ్లు పట్టుకున్న వాళ్లంతా బాయి మనుషులే. "ఆగుండ్రి" అని కొమురయ్యన్న ముందుకు వచ్చాడు. వంగి, కర్ర కొనతో పెట్టె మూత మీద కొట్టాడు. మూడు. తాళ్లు పట్టుకున్న చేతులు అలాగే నిలిచిపోయాయి. పాస్టరు గారికి అర్థం కాలేదు. మాకందరికీ అర్థమైంది. అందరం ఎదురుచూశాం.

"జవాబు కొట్టేటోడే ఎక్కిండు. ఇగ ఎవల్ని అడుగుదు" అన్నాడు కొమురయ్యన్న. మొఖం తుడుచుకుని, దించమని చెయ్యి ఊపాడు.

మనిషి ఎక్కాక జవాబు గంట లేకుండా తాడు కదలడం మా బాయి వాళ్లం మొదటిసారి అప్పుడే చూశాం.