రాహేలమ్మ అడిగిన ఆరు లోటాలు

1943 మార్చి 15, సోమవారం, ఉదయం ఏడు గంటలు. కర్నూలులో మిషన్ ఆసుపత్రి ఆపరేషన్ గదిలోకి నన్ను తీసుకుపోయిన సమయమది. నిన్న మునిమనవరాలిని చూడడానికి ఆసుపత్రికి వెళితే తడినేల మీది ఫినాయిల్ వాసన ముక్కుకు తగిలింది. ఆనాడు ఆపరేషన్ గది వాకిట్లో నా జడ విప్పి రెండు పాయలుగా అల్లిన నర్సు రాహేలమ్మ చేతులు గుర్తుకొచ్చాయి. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు.

మాది కల్లూరులో నేతపని ఇల్లు. నా తుంటి ఎముక ఇరుకు. మొదటి రెండు కాన్పుల్లో బిడ్డలు బయటపడలేక చనిపోయారు. మూడోసారి ఏడో నెలలో డాక్టరమ్మ నన్ను చూసి, నొప్పులు రాకముందే ఒక రోజు ఖాయం చేసి కడుపు కోసి బిడ్డను తీయాలంది. మా అత్త ఒప్పుకోలేదు. "కోసినాక ఆడది మగ్గం గుంతలో కూచుంటాదా?" అంది.

"పూడ్చినవి రెండు చాలవా అక్కా?" అంది రాహేలమ్మ. ఆ ఒక్క మాటతో అత్త సరేనంది.

ఆ తరువాత ప్రతి గురువారం రాహేలమ్మ హంద్రి ఏరు దాటి మా ఇంటికి వచ్చేది. ఎడమపక్కకు తిరిగి పడుకోమనేది. సంగటిలోకి ఆకుకూర ఉందో లేదో కుండ మూత తీసి చూసేది. కోత తరువాత దగ్గొస్తే దిండును కడుపుకు హత్తుకోవాలని, లేచేటప్పుడు ముందు పక్కకు దొర్లి, చేతి మీద బరువు వేసి లేవాలని ముందుగానే చేయించేది. ఒకసారి దిండు పట్టుకుని నేను మూలిగితే, "ఇంగా కోయనే లేదు, అప్పుడే మూలుగుతాండావే! దుడ్లిచ్చి నాటకానికి పిలిపిస్తా ఉండు" అంది. ఆ ఇంట్లో ఏడాదిగా ఎవరూ నవ్వలేదు. ఆ రోజు అత్త కూడా నవ్వింది.

మగబిడ్డ పుట్టాడు, ఏడ్చాడు. పద్నాలుగు రోజులకు కుట్లు మానాయి. ఇంటికి పంపుతూ రాహేలమ్మ చెప్పింది: "ఎండలు శానా ముదురుతాండాయి. దినానికి ఆరు లోటాల నీళ్లు తాగల్ల. నీళ్లు తగ్గితే పాలు తగ్గుతాయమ్మీ. సోమవారం వచ్చి అడుగుతా."

మా వైపు బాలింతకు నీళ్లు ఇవ్వరు. వాము కషాయం, కాచిన నీళ్లు రెండు లోటాలు, అంతే. "పచ్చి కడుపులో నీళ్లు పోస్తే కుట్లు చీము పట్టవా? నేను కనలేదా?" అంది అత్త. ఆమె చెడ్డది కాదు. ఇద్దరు మనవలను చేతులారా మట్టిలో పెట్టింది. ఈసారి నన్ను కూడా పోగొట్టుకుంటానేమోనని ఆమె భయం.

ఏప్రిల్ 5న రాహేలమ్మ వచ్చింది. కుట్లు చూసి మెచ్చుకుంది. బిడ్డ చిక్కిన చెయ్యి పట్టి చూసింది. తరువాత, "నీళ్లెన్ని తాగుతాండావు?" అంది. అత్త గడపలో నిలబడి ఉంది.

"ఆరు" అన్నాను.

ఆమె తన చిన్న పుస్తకంలో ఆరు అని రాసుకుంది. "నీళ్లు సరిపోతాంటే పాలెందుకు తక్కువ?" అని గొణుక్కుంది. తిండి చాలడం లేదనుకుని రాగిజావ పెంచమని చెప్పి పోయింది. నా మాట నమ్మింది కాబట్టి కారణం వేరేచోట వెతికింది.

12న వచ్చేసరికి బిడ్డ మాడు గుంట పడింది. తనే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. చెంచాతో పాలు పోసింది. 14న, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలకు వాడు మింగడం మానేశాడు, ఊపిరి ఆగింది.

సాయంత్రం నా పక్కన కూర్చుని అడిగింది. "నేనడిగిన పొద్దు నిజంగా ఎన్ని తాగినావు?"

"రెండు."

పుస్తకం తీసి, ఆరు కొట్టేసి రెండు అని రాసింది. నన్ను తిట్టలేదు. "మీ అత్త ముందర అడిగినా చూడు, అది నా తప్పు" అంది.

ఆ తరువాత ఏ బాలింతనైనా అడిగేముందు, ఇంట్లో పెద్దలను ఏదో ఒకటి తెమ్మని బయటికి పంపేది. మళ్లీ రెండుసార్లు నాకు అదే ఆపరేషన్ జరిగింది, రెండుసార్లూ ఆమే పక్కన ఉంది. ఆ ఇద్దరూ బతికారు. నా కోడళ్లు బాలింతలుగా ఉన్నప్పుడు నీళ్లు నేనే లోటాలో పోసి ఇచ్చాను, వాళ్లు తాగేదాకా అక్కడే నిలబడ్డాను. కళ్లారా చూడని లెక్క ఎవరికీ చెప్పలేదు.

నా బిడ్డల్లో పోయినవాళ్ల లెక్క ఇది: మొదటిది ఆడబిడ్డ, కాన్పులో పోయింది. రెండోది మగబిడ్డ, కాన్పులో పోయాడు. మూడోది మగబిడ్డ, ముప్పై రోజులు బతికాడు, పేరు పెట్టలేదు. మొత్తం ముగ్గురు.