కొండమీది ఊళ్ళో ఒకటి

వీధిలో అందరూ ఆమెని ముసుగక్క అంటారు. ఆమె ముసుగు వేసుకోదు, ముసుగులు కడుతుంది. ఇస్త్రీ దుకాణం పైన, కింది ఆవిరి నేలలోంచి పాదాలకి తగిలే రెండు గదుల్లో కూర్చుని ఆమె రాసిన సాఫ్ట్‌వేర్ పేరే ముసుగు. ఫోన్‌లో దాన్ని తెరిచి ఏ మాట పంపినా, అది ముక్కూ మొహం తెలియని మూడు కంప్యూటర్ల చేతులు మారి వెళుతుంది. ఎవరు పంపారో అందుకున్నవాళ్ళకి తెలియదు. మొదటి కంప్యూటర్‌కి మాత్రం ఆ మనిషి ఏ ఊళ్ళో ఉన్నదీ ఒక్క క్షణం తెలుస్తుంది. తెలిసిన వెంటనే మరిచిపోయేలా రాసిందామె.

మరుపంటే ఆమెకి అంత మక్కువ ఎందుకంటే, చిన్నప్పుడు వాళ్ళింట్లో ఏ ఉత్తరమూ అంటించింది అంటించినట్టే గుమ్మం దాటి లోపలికి రాలేదు. తండ్రి చింపి, చదివి, అప్పుడు ఇచ్చేవాడు. ఒకసారి అక్కకి స్నేహితురాలు రాసిన ఉత్తరాన్ని భోజనాల దగ్గర గొంతు మార్చి మరీ చదివి వినిపించాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. అక్క తల వంచుకుని ఖాళీ కంచంలో వేలితో గీతలు గీసింది. ఆ తర్వాత ఎవరికీ ఉత్తరం రాయలేదు.

రాయని ఆ అక్క ఇన్నేళ్ళకి మళ్ళీ రాస్తోంది. కొండమీది చిన్న ఊళ్ళో సర్కారు ఆసుపత్రి నర్సు ఆమె. గడువు తీరిన సెలైన్ సీసాలు కొత్త చీటీలు అంటించుకుని వార్డులోకి ఎలా వస్తున్నాయో ముసుగులోంచి ఒక పత్రికకి రాస్తోంది. ఆ సంగతి చెల్లెలికి తప్ప ఎవరికీ తెలియదు. బయటపడితే ఉద్యోగం ఒక్కటే పోతుందన్న నమ్మకం కూడా లేదు.

ఈలోగా ముసుగుకి వచ్చే చందాలు ఎండిపోయాయి. సురక్షిత ఇంటర్నెట్ కోసం సర్కారు పెట్టిన నిధి ఒకటి ఉందని ఆమెతో కలిసి పనిచేసే జట్టులోని మాస్టారు కనిపెట్టాడు. బడిలో లెక్కలు చెప్పడం మానేసి వీళ్ళతో చేరిన మనిషి. నిధి ఇస్తామన్నారు. కానీ ఒక షరతు. ఏ ఊళ్ళో రోజూ ఎంతమంది వాడుతున్నారో పటం మీద చూపించాలి.

"పేర్లడగలేదు కదా తల్లీ, అంకెలే కదా" అన్నాడు మాస్టారు. "అంకెకి మొహం ఉంటుందా?"

"మరిచిపోవడం నేర్పినదానికి ఇప్పుడు జ్ఞాపకం నేర్పమంటారా?"

"అద్దెకి సరిపడా నేర్పు చాలు. మరీ మేధావిని చెయ్యకు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే రాసింది. మరుసటి ఉదయానికి పటం సిద్ధమైంది. పెద్ద ఊళ్ళ మీద వేలూ వందలూ, రాత్రి ఆకాశంలా గుంపులు గుంపులుగా వెలుగుతున్నాయి. వాటికి దూరంగా, కొండల నీలిరంగులో ఒంటరిగా ఒక్క చుక్క. పక్కన అంకె: ఒకటి.

అది అక్క ఉండే ఊరు. వెంటనే ఫోన్ తీసింది.

"అక్కా, నిన్న డ్యూటీ దిగాక తెరిచావు కదూ?"

"నువ్వు నన్ను చూస్తున్నావా?" అంది అక్క. "నువ్వు కూడానా?"

ఫోన్ పెట్టేసింది. ఆ రెండో మాటలో భోజనాల గది మొత్తం ఉంది.

ఆ పటం ఎవరి చేతుల్లోకి పోతుందో తేల్చుకోవాలని ముసుగక్క దాన్ని పట్టుకుని నిధి కార్యాలయానికి వెళ్ళింది. చల్లటి గది, అద్దం పరిచిన బల్ల. అధికారి పటం చూసి మురిసిపోయాడు.

"ఇదెవరెవరు చూస్తారు సార్?"

"అన్ని శాఖలకీ పోతుందమ్మా. ఆరోగ్యం, విద్య, పోలీసు. దాపరికమే లేదు!"

గడువు తీరిన సీసాలు పంపే శాఖకే ఈ చుక్క తన చేత్తో తను అందిస్తోంది. ఆమెకి ఒళ్ళు మండింది.

"దేశం మొత్తానికి కలిపి సుమారుగా ఒకే అంకె ఇస్తాను సార్. ఊళ్ళు వద్దు."

"సుమారుగానా? ఇదేమైనా వంటకి ఉప్పా? మారుమూలకి కూడా చేరిందని చూపించాలంటే చిన్న ఊళ్ళే కావాలి. ఒక్కరుంటే ఒక్కరనే రాయండి, సిగ్గెందుకు?"

"ఒక్కరున్న ఊళ్ళో అది లెక్క కాదు సార్. వేలెత్తి చూపించడం. పేరు చెప్పనంటూనే, దాక్కున్న మనిషి గుమ్మం ముందు దీపం పెట్టినట్టు."

"దాక్కోవడం దేనికట? తప్పు చెయ్యనివాళ్ళకి భయమేంటి?"

ఆమె చెయ్యి చాచింది. "అయితే మీ ఫోన్ ఇవ్వండి. బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ళకి మీ మెసేజీలు పైకి చదివి వినిపిస్తాను. తప్పేమీ చెయ్యలేదుగా."

అధికారి అరచెయ్యి దానంతటదే వెళ్ళి ఫోన్‌ని కప్పేసింది.

"అదిగో, మీరూ వేసుకున్నారు ముసుగు" అంది. బల్ల మీది పటం నిలువునా చింపి, ముక్కలు సంచీలో వేసుకుని బయటికొచ్చింది. మెట్లు గబగబా దిగింది. భయంతో కాదు. కొళాయి పెడతామని వచ్చి, ముందు నీ దాహమెంతో ఊరందరి ముందూ చెప్పమనే ఆ దయ మీద మంటతో.

గదికి రాగానే లెక్కపెట్టమని తను రాసిన వాక్యాలన్నీ తుడిచేసింది. నిన్న పోగైన అంకెలు కూడా మిగల్చలేదు. మాస్టారు వెనక నిలబడి చూశాడు.

"పోయిందా నిధి?"

"పోయింది మాస్టారూ."

"పోనీలే. సాయంత్రాలు మళ్ళీ పిల్లలకి లెక్కలు చెప్పుకుంటాను. అక్కడ ఎన్ని లెక్కపెట్టినా ఎవరి కొంపా మునగదు."

అక్క రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. మూడో వారంలో ఒక సాయంత్రం తనే చేసింది. పలకరింపు లేదు, క్షేమం అడగడం లేదు.

"చెప్పవే, నేనివాళ తెరిచానా?"

ముసుగక్క తెర వైపు చూసింది. కొండలూ లేవు, చుక్కలూ లేవు.

"నాకెలా తెలుస్తుంది?"

"ఒట్టు?"

"ఒట్టక్కా. నాకు తెలీదు."

అవతల అక్క నవ్వింది. "అయితే సరే, ఉండు. నాకు పనుంది" అని పెట్టేసింది. ఏం పనో చెల్లెలు అడగలేదు.