కావాలని రాసిన తప్పు జవాబులు

ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతూ నేనొక్క తప్పు రాస్తే చాలు, మా ఆయన పెన్సిల్ లాక్కునేవారు. ఆధారంలో ఏ మాట వెనక ఏ కిటుకు దాగుందో విడమరిచి చెప్పేదాకా నన్ను వంటింట్లోకి కదలనిచ్చేవారు కాదు. ఆ పాఠాలంటే నాకు ఒళ్ళు మండేది.

పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయింది. పటమటలో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, కోపమైనా ఆయన చేత మాట్లాడిస్తుందేమోనని, కావాలనే అన్నీ తప్పులు రాశాను. ఒక్కో గడిలో రెండేసి అక్షరాలు ఇరికించాను. పేపరు ఆయన కళ్ళముందు పెట్టాను.

"చూడండి, ఎలా తగలేశానో! తిట్టండి. ఒక్కసారి తిట్టండి."

ఆయన గళ్ళన్నీ నిదానంగా చూశారు. బాగా రాశావన్నట్టు తలూపారు.