డ్రామా కోసం తీసుకెళ్లిన ఫోటో

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు హనుమకొండలోని మా కాలేజీలో సైన్స్ దినోత్సవానికి ఒక నాటిక వేశాం. ఒకటే అంకం, ఇరవై నిమిషాలు. మనిషికి నకలు తయారుచెయ్యడం తప్పా ఒప్పా అన్న విషయం జువాలజీ సార్ ఇచ్చాడు. దాన్ని సస్పెన్స్‌గా రాసే పని నేనే మీదేసుకున్నాను. ఆ వయసులో నాకు తెలియనిది లేదు మరి!

కథలో ఇద్దరు డాక్టర్లు, భార్యాభర్తలు. వాళ్ల కూతురు చిన్నప్పుడే చనిపోతుంది. ఆ పిల్ల కణాల నుంచి ల్యాబులో అచ్చం అలాంటి పిల్లనే తయారుచేసి, ఎవరికీ చెప్పకుండా పెంచుకుంటారు. పదహారేళ్లొచ్చాక ఆ రెండో పిల్ల ఇంట్లో తాళం వేసి ఉన్న గది తెరుస్తుంది. లోపల గోడకు దండ వేసిన ఫోటో, ఫోటోలో తన మొహమే. ఆ రెండో పిల్ల వేషం నాదే.

రాసేటప్పుడు ఇదంతా సైన్సే అనుకున్నాను. రిహార్సల్ మూడో రోజు, డాక్టరమ్మ వేషం కట్టిన నా స్నేహితురాలు "నువ్వు అప్పుడు కూడా కాకరకాయ ఇష్టంగా తినేదానివి" అన్న డైలాగు చెబుతుంటే నేను కాగితం తీసి ఆ వాక్యం మళ్లీ చదువుకున్నాను. అది నేను కల్పించిన మాట కాదు. మా అమ్మ మాట.

నాకంటే ముందు మా ఇంట్లో ఒక పిల్ల పుట్టి, నాలుగేళ్లకు మెదడువాపు జ్వరంతో పోయింది. ఏడాది తిరక్కుండా నేను పుట్టాను. పరకాల నుంచి వచ్చిన అమ్మమ్మ నన్ను ఒళ్లో వేసుకుని, "పోయిన పిల్లనే మల్లొచ్చింది, ఇగ ఏడ్వకు బిడ్డా" అని అమ్మతో అన్నదట. మా వైపు ఇలా అనడం మామూలే, అని మరిచిపోతారు. అమ్మ మరిచిపోలేదు. అక్క పేరే నాకు పెట్టింది, అక్క గౌన్లే తొడిగింది. నేను పుట్టకముందు సంగతులు కూడా "నువ్వు అప్పుడు" అంటూ నాకే చెప్పేది. కాకరకాయ నాకు పొడ గిట్టదు. అయినా అమ్మ మొహం చూసి మింగేదాన్ని. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, నన్ను రెక్క పట్టుకుని దవాఖానకు ఉరికేది.

ఇప్పుడు అమ్మ వచ్చి ఈ నాటిక చూస్తే? కథ మార్చే టైము లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా వారం రోజులు కొట్టుకున్నాను.

ఫోటో సంగతి ఇంకో తంటా. బీరువాలోని బిస్కెట్ డబ్బా నుంచి, అమ్మకు చెప్పకుండా, నా చిన్ననాటి ఫోటో ఒకటి తీసుకెళ్లాను. ఎర్ర కుచ్చుల గౌను వేసుకున్నప్పటిది. దానికి బంతిపూల దండ వేస్తుంటే సార్ ఆపాడు.

"బతికున్నోళ్ల ఫోటోకు దండేస్తరా? ఇంట్ల అడిగినవా?"

"అడిగిన సార్" అని అబద్ధమాడాను. సైన్స్ చెప్పే సార్ కూడా ఆ దండ చూడలేక మొహం అటు తిప్పుకున్నాడు.

నాటిక రోజు బాపుకు పెళ్లిళ్ల సీజను, బట్టల దుకాణం వదిలి రాలేదు. అమ్మ రాదులే అని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. అమ్మ వచ్చింది. రెండో వరసలో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా ఫోటోకు దండ చూస్తే ఆమె ప్రాణం ఏమైపోతుందోనని, తెర సందులోంచి ఆమెనే చూస్తూ నిలబడ్డాను.

గది తలుపు తెరిచే సీను వచ్చింది. లైట్లు ఆర్పారు. నేను టార్చి వేసి ఫోటో మీద నిలిపాను. హాలంతా ఫోటోనే చూస్తోంది. నేను మాత్రం అమ్మ కూర్చున్న వైపే చూస్తున్నాను. చీకట్లో ఏమీ కనిపించలేదు.

నాటకమంటే పుస్తక భాషే ఉండాలని, "మీరు నన్ను కన్నారా, లేక నకలు తీశారా?" అని రాసుకున్నాను. డాక్టరమ్మ ఎదుటికి వచ్చి నోరు తెరిస్తే ఆ ముక్క రాలేదు. "ఆమె సావకుంటె నన్ను కందువా అమ్మా?" అన్నాను, హాలు వైపు తిరిగి. చప్పట్లు మారుమోగాయి. నాకు ఏడుపొచ్చింది. అది కూడా నటనే అనుకున్నారు.

తెర పడ్డాక అమ్మ స్టేజీ పక్కకు వచ్చి ఫోటో ముందు నిలబడింది. నేను పరుగెత్తుకెళ్లి దండ తియ్యబోయాను.

"నా ఫోటోకు ఊకెనే ఏసినమమ్మా, డ్రామాకు. ఏం గాదు."

"నీది గాదు" అంది అమ్మ. "గిది అక్క."

అక్క అన్న మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. "నీకెట్ల తెలుసు?" అన్నాను.

"నువ్వు ఏ ఫోటోల నవ్వలే బిడ్డా. కెమెరా జూస్తే ఏడ్సేదానివి. అక్కనే నవ్వుతుండె."

అంటే మా ఇద్దరిలో ఎవరు ఎవరో ఒక్కరోజు కూడా పొరబడలేదు మా అమ్మ. పదిహేడేళ్లు తెలిసే ఇద్దరినీ ఒకటి చేసింది. నన్ను నన్నుగా చూడాలనే కదా నా గోల! అది దొరికింది, దొరికాక, అక్కను కాని నేను అమ్మకు చాలతానా అని భయమేసింది.

ఇంటికి తిరిగొచ్చే వరంగల్ ఆటోలో, పోచమ్మ మైదాన్ దాటాక, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అలా ఏడవడం నేను చూడలేదు. డ్రైవర్ అద్దంలో చూసి బండి పక్కకు ఆపాడు.

"ఏమైందమ్మా? ఎవలన్న పోయిన్రా?"

ఎంతమంది పిల్లలని ఎవరడిగినా "ఒక్కతే" అని చెప్పే మా అమ్మ, కొంగు తీసి, "మా పెద్దబిడ్డ" అంది.

"అయ్యో. ఎప్పుడమ్మా?"

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇయ్యాల్నే" అంది.