కరెంటు పెట్టె, నాయనమ్మ తల

తాతయ్య చెయ్యి ఏళ్ల తరబడి వణికింది. కాఫీ ఒలికినా, గుండీ పెట్టుకోలేకపోయినా డాక్టరు మాట ఎవరూ ఎత్తలేదు. మా పల్నాడు వాళ్లు రోగానికి భయపడరు, దావాకి భయపడతారు. పొలం కేసులో ఆయన సంతకం పాతదానితో కలవలేదని గురజాల కోర్టులో అవతలి వకీలు యాగీ చేశాకే, ఆ చేతికి జబ్బుందని మా ఇంట్లో తెలిసింది.

అవి పంతొమ్మిది వందల అరవైలు. నరసరావుపేటలో ఒక డాక్టరు నరాలకి కరెంటు పెట్టే మిషను తెప్పించాడని విని బస్సెక్కాం. ముందు తాతయ్య, వెనక క్యారియరుతో నాయనమ్మ, ఆమెకి తోడు పదమూడేళ్ల నేను. నాయనమ్మ తల ఎప్పుడూ అడ్డంగా ఊగుతుండేది. "పెళ్లయిన కాడ్నించి దేనికీ ఒప్పుకోలా" అని తాతయ్య వేళాకోళం. మేమందరం నవ్వేవాళ్లం.

డాక్టరు ఆయన మణికట్టుకి తడిగుడ్డ చుట్టి, తీగలు తగిలించి మీట తిప్పాడు. అప్పటిదాకా వణికిన చెయ్యి ఎగిరింది. "పట్టొచ్చింది, కాగితం తే!" అన్నాడు తాతయ్య. సంతకం కోడి గెలికినట్టు వచ్చింది.

"జబ్బు చేతిలో లేదు పెద్దాయనా, మెదడులో ఉంది. పై దేశాల్లో ఏదో మందు పరీక్షిస్తున్నారంట, అది మనదాకా రావాలి" అన్నాడు డాక్టరు. అప్పుడు ఆయన చూపు నాయనమ్మ మీద పడింది. "ఎన్నాళ్ల నించమ్మా ఇట్టా?"

ఆమె పెదాలు కదిలేలోగా తాతయ్యే అందుకున్నాడు. "దానికేంది? చానా కాలంగా అంతే."

"మీరాగండి. తల ఊగడమూ జబ్బే, మాట ఆలస్యంగా రావడమూ జబ్బే."

"అదేమన్నా కోర్టులో సంతకం పెట్టాలా? ముందు నా సంగతి చూడండి!"

నాకు మా వంటిల్లు గుర్తొచ్చి సిగ్గేసింది. ఇంట్లో వడ్డన నాది, బాగా వడ్డిస్తానని పేరు కూడా. రెండేళ్లుగా నాయనమ్మని "ఇంకొంచెం వెయ్యనా?" అని అడగడం, ఆ తల అడ్డంగా ఊగడం, వద్దందనుకుని నేను గిన్నె ఎత్తుకుపోవడం.

మర్నాడు మధ్యాహ్నం గోంగూర పచ్చడి గిన్నెతో ఆమె ముందు కూర్చుని అడిగాను. తల ఊగింది. ఈసారి తల వంక చూడలేదు, నోటి వంక చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి పెదాలు కదిలాయి. వినడానికి వంగాల్సి వచ్చింది.

"వెయ్యవే. రోజూ నేను నోరు తెరిచేలోగానే పొయ్యేదానివి."