నాన్న ఆగిన మెట్లు

డాక్టరుతో మాట్లాడటం నేను బాత్రూములో నేర్చుకున్నాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు చాటున, "మా నాన్నకి గ్యాసు కాదండి" అని మూడు రోజులు బకెట్టుకి చెప్పాను. నీళ్లన్నీ పారబోస్తున్నానని అమ్మ తలుపు కొట్టి తిట్టేది.

అప్పుడు నాది డిగ్రీ రెండో ఏడాది. క్లాసులో హాజరు పలకాలన్నా గొంతు పెగిలేది కాదు. అనాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. మల్కాపురంలో మేం మూడో అంతస్తులో ఉండేవాళ్లం. పోర్టులో క్రేన్ నడిపే నాన్న డ్యూటీ దిగి మెట్లెక్కుతుంటే, పుస్తకంలోంచి తలెత్తకుండానే ఆ అడుగులు గుర్తుపట్టేదాన్ని. వానాకాలంలో అవి ఎక్కడా ఆగలేదు. దీపావళి దాటాక రెండో అంతస్తులో ఆగడం మొదలైంది. చలి తగ్గేసరికి మొదటి అంతస్తులోనే ఆగిపోతున్నాయి. ఎందుకో తెలియకుండానే ఇదంతా డైరీకెక్కించాను. ఒకసారి తొంగి చూస్తే, నాన్న గోడకి ఆనుకుని దవడా, ఎడమ చెయ్యీ రుద్దుకుంటున్నాడు. నన్ను చూసి, ఓడలు చూస్తున్నానన్నాడు. అక్కణ్ణుంచి కనిపించేది పక్కింటి నీళ్ల ట్యాంకు.

మెట్ల మీద ఆగిపోతున్నాడని అమ్మ పెట్టే పోరు పడలేక నాన్న ఆస్పత్రికి ఒప్పుకున్నాడు. ఆ సంగతి తెలిసి, ఆయనతో పనిచేసే స్నేహితుడు ఇంటికొచ్చి తర్ఫీదు ఇచ్చాడు.

"గుండె గిండె అనకు బావా. గ్యాసని సెప్పీ. అనుమానమొచ్చిందంటే క్రేన్ మీంచి దింపేత్తారు."

నాన్న తలూపాడు. మా ఇంట్లో పడవ దిగి క్రేన్ ఎక్కిన మొదటి మనిషి ఆయన. ఆ ఎత్తు వదులుకోవడం చిన్న సంగతి కాదు. కానీ వల లాగుతూ ఛాతీ పట్టుకుని పడి చనిపోయిన నాటికి మా తాత వయసు, ఇప్పటి నాన్న వయసుకంటే తక్కువ.

స్నేహితుడు వెళ్లగానే డైరీలో కొత్త పేజీ తీశాను. డాక్టరుకి తీరిక ఉండదు కాబట్టి ముఖ్యమైనది పైన రాశాను: మెట్లెక్కితే దవడ, ఎడమ చెయ్యి లాగడం, కాసేపు నిలబడితే తగ్గడం. తర్వాత తాత సంగతి. తర్వాత నాన్న మానేశానంటున్న బీడీ, మానలేదని చెప్పే చొక్కా వాసన. అడుగున ఒక్కటే ప్రశ్న: ఇది గుండెదేమో చూస్తారా?

ఆస్పత్రికి తోడు నేను వెళ్లాను. ఆ రోజు నాన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి బయల్దేరినట్టు వచ్చాడు. పెద్దవాళ్ల ముందు బాధ చెప్పుకోవడం మావాళ్లకి మర్యాద కాదు. ఇబ్బందేమిటని డాక్టరుగారు అడిగితే, "ఏటీ లేదండి. గ్యాసు" అని నవ్వాడు. డాక్టరుగారు మాత్రలు రాయడం మొదలుపెట్టారు.

డైరీ ఆయన చేతిలో పెట్టేద్దామనుకున్నాను. కానీ మిగతా పేజీల్లో ఎవరూ చదవకూడనివి చాలా ఉన్నాయి. నేనే చదవక తప్పలేదు. గోడకున్న పాత ఏసీ మా కుళాయిలాగే హోరుమంటోంది. ఆ హోరు చాటున, "మా నాన్నకి గ్యాసు కాదండి" అన్నాను. బకెట్టుకి చెప్పినంత గట్టిగానే వచ్చింది.

నాన్న నా వైపు తిరగడం తెలుస్తూనే ఉంది. నేను పేజీ మీంచి కళ్లు తీయలేదు. తాత దగ్గరికొచ్చేసరికి డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. అడుగున ఉన్న ప్రశ్న అడగాల్సిన పనే లేకపోయింది. అప్పటికే ఆయన ఈసీజీ తీయమని నర్సుకి చెప్పారు.

వారం తిరక్కుండా, మూసుకుపోతున్న రక్తనాళం తెరిచి స్టెంటు వేశారు. వేళకి తీసుకొచ్చారని డాక్టరుగారు అమ్మతో అన్నారు. నాన్నని క్రేన్ మీంచి దింపేసిన మాట నిజమే. కింద నిలబడి సిగ్నలు చూపించే పనికి మార్చారు. నాన్న చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, ఆయన అడుగులు ఎక్కడా ఆగకుండా మా గుమ్మం దాకా వచ్చాయి. ఆ రోజు డైరీలో పేజీ నిండేంత పెద్ద అక్షరాలతో రెండే మాటలు రాశాను: నాన్న ఆగలేదు.

తర్వాతి చెకప్పుకి వెళ్లినప్పుడు, లోపలికి పిలవగానే నాన్న తలుపు దగ్గర పక్కకి తప్పుకుని నన్ను ముందుకి నెట్టాడు.

"నువ్వే సెప్పమ్మా. నాను నోరిప్పితే బాగున్నానని అబద్దమాడేత్తాను."